బేగంపేట రోడ్డు మీద ఇంజనీరింగ్ మొదటి ఏడాది

సివిల్ ఇంజనీరింగ్‌లో చేరిన విద్యార్థులకు మొదటి ఏడాదిలో వంతెనలూ ఆనకట్టలూ పెద్దగా కనిపించవు. టైంటేబుల్ నిండా గణితం, అప్లైడ్ ఫిజిక్స్, ఇంజనీరింగ్ కెమిస్ట్రీ, మెకానిక్స్, గ్రాఫిక్స్, వర్క్‌షాప్, ప్రోగ్రామింగ్, ఇంగ్లిష్ ఉంటాయి. రెండో ఏడాదిలో వీటి మీద స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, సర్వేయింగ్, జియాలజీ, ఫ్లూయిడ్ మెకానిక్స్, నిర్మాణ సామగ్రి వచ్చి చేరతాయి. స్లాబు డిజైను, పునాది డిజైను, రహదారులు, నీటి సరఫరా లాంటి అసలు వృత్తి పాఠాలన్నీ వీటిని ఆధారం చేసుకునే నడుస్తాయి కాబట్టి వీటిని ఫౌండేషన్ కోర్సులంటారు. నాలుగేళ్ల బీటెక్‌కు మొత్తం సుమారు 160 క్రెడిట్లు. వారానికి ఒక గంట క్లాసుకు ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబుకు ఒక క్రెడిట్ లెక్క. అందులో నాలుగో వంతు మొదటి ఏడాదికే పోతుంది.

అంత వాటా ఉన్నా విద్యార్థులు ఎక్కువగా చిన్నచూపు చూసేది ఈ ఏడాదినే. గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ అన్న పేర్లు చూడగానే ఇంటర్‌లో చదివిందే కదా అనిపిస్తుంది. నిజానికి ఇంటర్ చదువుకూ దీనికీ మధ్య తేడా చాలా ఉంది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన తెలంగాణ ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. గణితం 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కో ప్రశ్నకు నిమిషం పైచిలుకు సమయం, ఎదురుగా నాలుగు జవాబులు. రెండేళ్ల పాటు ఆ వేగానికి అలవాటు పడిన విద్యార్థి ఇంజనీరింగ్‌లోకి వచ్చాక ఒకే లెక్కకు అరగంట కూర్చోవాలి. ముందుగా బొమ్మ గీయాలి. ఏ బలాన్ని లెక్కలోకి తీసుకోవాలో, దేన్ని వదిలేయాలో తానే తేల్చుకోవాలి. జవాబు వచ్చాక అది నమ్మదగిందో కాదో కూడా తానే చూసుకోవాలి. మొదటి సెమిస్టర్‌లో బ్యాక్‌లాగులు పడటానికి తెలివి తక్కువ కావటం కన్నా ఈ అలవాటు మారకపోవటమే పెద్ద కారణం.

ఈ పాఠాలు బయట ప్రపంచంలో ఎక్కడున్నాయో చూడాలంటే సికింద్రాబాద్‌ను ఆనుకుని ఉన్న బేగంపేట మంచి చోటు. నగరంలోని రెండు పెద్ద ఇంజనీరింగ్ విద్యాకేంద్రాలకూ ఇక్కడి మెట్రో స్టేషన్ నుంచే దారి ఉంది. నాగోలు వైపు రైలెక్కితే తార్నాకలో దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్లొచ్చు. పక్క స్టేషన్ అమీర్‌పేటలో రైలు మారితే జేఎన్‌టీయూ కాలేజీ స్టేషన్ చేరొచ్చు. బేగంపేట చుట్టుపక్కలే పాత విమానాశ్రయం రన్‌వే, ఫ్లైఓవర్, మెట్రో వంతెన, 1906 నాటి స్పానిష్ మసీదు, ‘పైగా’ ప్రభువంశపు ప్యాలెస్, హుస్సేన్ సాగర్ వైపు పారే కూకట్‌పల్లి నాలా ఉన్నాయి. మొదటి రెండేళ్ల సిలబస్‌లో వీటిలో ఏదో ఒక దానితో ముడిపడని పాఠం అరుదు.

ముందు సైన్సు, తరవాత కట్టడం అనే వరుస ఎప్పటి నుంచో ఉన్నది కాదు. చాలా శతాబ్దాలు కట్టడం పనిని గురువు దగ్గర పని చేస్తూనే నేర్చుకున్నారు. ఫ్రాన్స్‌లో 1747లో వంతెనలు, రహదారుల కోసం ఒక ప్రత్యేక పాఠశాల వెలిసింది. 1794లో ప్యారిస్‌లో ఎకోల్ పాలిటెక్నిక్ మొదలైంది. అక్కడ చేరినవారు ముందు గణితం, మెకానిక్స్, రసాయనశాస్త్రం, జ్యామితి చదివి, తరవాత వంతెనలకో గనులకో సైన్యానికో సంబంధించిన పాఠశాలకు వెళ్లేవారు. ఇప్పటి ఫౌండేషన్ కోర్సుల పద్ధతికి మూలం అదే. అదే 1794లో మద్రాసులో సర్వే స్కూలు మొదలైంది. తరవాతి కాలంలో గిండీ ఇంజనీరింగ్ కాలేజీగా ఎదిగి, కోస్తా జిల్లాల తెలుగువారికి చాలాకాలం ఇంజనీరింగ్ చదువుకు అదే ప్రధాన ద్వారమైంది. 1847లో రూర్కీలో కాలేజీ పెట్టటానికి గంగా కాలువ తవ్వకానికి శిక్షణ ఉన్న మనుషులు కావలసి రావటం కారణం.

హైదరాబాద్ సంస్థానంలో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ 1929లో ప్రారంభమైంది. 1908 మూసీ వరద తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టుకున్న సంస్థానం అప్పటికి సొంతంగా ఇంజనీర్లను తయారు చేసుకోవలసిన దశకు చేరింది. జేఎన్‌టీయూ హైదరాబాద్ కాలేజీ 1965లో మొదలైనప్పుడు దాని పేరు నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కాలేజీ. 1972 అక్టోబర్ 2న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అది అందులో కలిసింది. కృష్ణా నది మీద పెద్ద ఆనకట్ట లేస్తున్న కాలంలో పుట్టిన కాలేజీకి ఆ పేరు రావటం సహజమే.

కోర్సుల విషయానికొస్తే అన్నిటికన్నా ముందు గణితం. మాత్రికలు, కలనం, అవకలన సమీకరణాలు, వెక్టర్ కలనం మొదటి రెండు సెమిస్టర్లలో పూర్తవుతాయి. ఇవెందుకో ఆ క్లాసులో చెప్పేవారు తక్కువ. పది అంతస్తుల భవనంలో వందలాది బీములు, స్తంభాలు కలిసే చోట్ల ఎంతెంత కదలిక ఉంటుందో తేల్చాలంటే వందల సమీకరణాలను ఒకేసారి సాధించాలి. డిజైన్ సాఫ్ట్‌వేర్ లోపల జరిగేదంతా మాత్రికల పనే. వంగిన బీము ఏ వంపులో ఉందో చెప్పేది రెండో పరిమాణపు అవకలన సమీకరణం. గాలికో భూకంపానికో భవనం సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పేవి మాత్రికల ఐగెన్ విలువలు. ఈ సంగతి ముందే తెలిస్తే ఐగెన్ విలువల అధ్యాయం పరీక్ష కోసం బట్టీ పట్టే తంతు కాకుండా ఉంటుంది. గణితం క్లాసులో ఒక్క బీము బొమ్మయినా గీయటం అధ్యాపకులకు పెద్ద పని కాదు, విద్యార్థికి మాత్రం చాలా మేలు.

ఫౌండేషన్ కోర్సులన్నిటిలో ఇంజనీరింగ్ మెకానిక్స్‌ది అసలు పెద్దపీట. కదలకుండా నిలిచి ఉన్న వస్తువు మీద పనిచేసే బలాలన్నీ కలిపితే సున్నా కావాలి, ఆ బలాల భ్రామకాలు, అంటే తిప్పే ప్రభావాలు, కలిపినా సున్నా కావాలి. చెప్పటానికి రెండు వాక్యాలే, సివిల్ ఇంజనీరింగ్‌లో సగం వీటి మీదే నిలబడి ఉంది. వీటిని వాడటానికి కావలసిన సాధనం ఫ్రీ బాడీ డయాగ్రమ్. ఒక వస్తువును చుట్టూ ఉన్నవాటి నుంచి విడదీసి విడిగా గీసి, చుట్టూ ఉన్నవి దాన్ని ఎక్కడ ఎంత నెడుతున్నాయో, లాగుతున్నాయో బాణాలతో చూపటమే ఆ బొమ్మ. ఈ బొమ్మ సరిగా గీయగలిగిన విద్యార్థికి తరవాతి మూడేళ్లూ తేలిక. గీయలేకపోతే సూత్రాలు ఎన్ని గుర్తున్నా ఏ సూత్రం ఎక్కడ వాడాలో తెలియదు.

బేగంపేట రోడ్డు మధ్యన వరుసగా నిలిచిన మెట్రో స్తంభాల్లో ఒకదాన్ని తీసుకుందాం. పైన రెండు పట్టాల దారులు, స్తంభానికి చెరో వైపు. రెండు వైపులా ఒకేసారి రైళ్లు ఉంటే బరువు సమానంగా స్తంభం నడుమ నుంచి కిందికి దిగుతుంది. ఒకవైపు మాత్రమే రైలుంటే మొత్తం బరువు తక్కువే, అయినా స్తంభానికి కష్టం మరో రకంగా పెరుగుతుంది. ఆ బరువు నడిమధ్యలో కాక పక్కన పడుతోంది కాబట్టి స్తంభాన్ని వంచే భ్రామకం పుడుతుంది. బరువును, దూరాన్ని గుణిస్తే ఆ భ్రామకం వస్తుంది. దాన్ని తట్టుకోవలసింది స్తంభంలోని ఉక్కు, దాని కింద భూమిలోకి దిగిన పునాది. రైలు ఆగేటప్పుడు పట్టాల వెంబడి నెట్టే బలం, వంపు తిరిగేటప్పుడు పక్కకు నెట్టే బలం, గాలి బలం వీటికి అదనం. అన్నిటికన్నా ఎక్కువ బరువు పడిన క్షణమే కట్టడానికి అన్నిటికన్నా కఠినమైన క్షణం కావాలని లేదన్న సంగతి ఈ ఒక్క స్తంభంతోనే అర్థమవుతుంది. 2017 నవంబర్‌లో మొదలైన మియాపూర్–అమీర్‌పేట–నాగోలు మార్గంలో బేగంపేట స్టేషన్ ఉంది. అప్పటి నుంచి రోజూ ఈ లెక్క కళ్లెదుటే నడుస్తోంది.

అదే వంతెన పై భాగం రెండో ఏడాది స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌కు పాఠం. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో ముందే పోతపోసిన కాంక్రీటు ముక్కలను తెచ్చి, పైకెత్తి, వాటి గుండా ఉక్కు తీగల కట్టలు దూర్చి బిగించి ఈ వంతెన కట్టారు. ఆ ముక్కలు లోపల బోలుగా ఉంటాయి. ఖర్చు తగ్గించటానికే కాదు, దీని వెనక శాస్త్రం ఉంది. బీము వంగినప్పుడు దాని పై అంచు నొక్కుకుంటుంది, కింది అంచు సాగుతుంది, నడిమి పొర దాదాపు ఏ శ్రమా పడదు. శ్రమపడని చోట పదార్థం పెడితే అది తన బరువును మోయించటం తప్ప చేసేదేమీ ఉండదు. అందుకే పదార్థాన్ని పైకీ కిందికీ జరిపి నడుమ ఖాళీ ఉంచుతారు. దీర్ఘచతురస్రపు బీము లోతును రెట్టింపు చేస్తే దాని బలం నాలుగు రెట్లవుతుంది, వంగకుండా నిలిచే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. వెడల్పును రెట్టింపు చేస్తే రెండూ రెండింతలే పెరుగుతాయి. ఇళ్లలో బీములు వెడల్పు తక్కువగా, లోతు ఎక్కువగా ఉండటం ఈ లెక్క వల్లే.

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, సాగుడుకు మాత్రం త్వరగా చీలుతుంది. కాబట్టి సాగే వైపున ఉక్కు పెట్టాలి. రెండు గోడల మధ్య ఉన్న స్లాబులో సాగేది కింది వైపు, అక్కడ ఉక్కు కిందే ఉంటుంది. గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చిన సజ్జలోనో బాల్కనీలోనో సంగతి తిరగబడుతుంది. అక్కడ సాగేది పైవైపు, ఉక్కు పైన ఉండాలి. కాంక్రీటు పోసే రోజు పనివాళ్లు ఆ కడ్డీల మీద నడిచి వాటిని కిందికి తొక్కేస్తే బయటికి ఏమీ తెలియదు. ప్లాస్టరింగ్ అయ్యాక అసలే తెలియదు. సెంట్రింగ్ విప్పిన రోజునో తరవాతెప్పుడో సజ్జ విరిగి పడితే అందులో ఉక్కు తక్కువై ఉండకపోవచ్చు, ఉండవలసిన చోట లేకపోయి ఉండొచ్చు. మొదటి ఏడాదిలో భ్రామకం గుర్తు ధనమో ఋణమో సరిగా వేయటం నేర్చుకోకపోతే నష్టం మార్కుల దగ్గర ఆగదు.

స్పానిష్ మసీదు కమానులు ఈ సాగుడు సమస్యకు ముందు తరం పరిష్కారం. ‘పైగా’ వంశపు ప్రభువు సర్ వికారుల్ ఉమ్రా స్పెయిన్‌లోని కట్టడాలు చూసి వచ్చి ఆ శైలిలో మొదలుపెట్టించిన మసీదు ఇది. గుర్రపు నాడా ఆకారపు కమానులు దాని ప్రత్యేకత. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, లాగేది ఏదీ ఉండదు. ఉక్కు కడ్డీ లేని కాలంలో వెడల్పాటి ఖాళీని దాటించటానికి ఇది గొప్ప ఉపాయం. దాని మూల్యం కమాను కాళ్ల దగ్గర చెల్లించాలి. అక్కడ బరువు కిందికే కాక పక్కకు కూడా నెడుతుంది. ఆ తోపుడుకు ఎదురు నిలవటానికి మందపాటి గోడో పక్కన మరో కమానో కావాలి. ఆర్కిటెక్చర్ విద్యార్థికి కూడా ఇది మొదటి ఏడాది పాఠమే.

గ్రాఫిక్స్ అనే డ్రాయింగ్ కోర్సు మొదటి ఏడాదిలో చాలామందిని ఏడిపిస్తుంది. మూడు కొలతల వస్తువును కాగితం మీద రెండు కొలతల్లో చూపి, ఆ కాగితం చూసిన మరొకరు అదే వస్తువును తయారు చేసేలా చేయటం దీని పని. ఫ్రెంచి గణితవేత్త గాస్పార్ మోంజ్ 18వ శతాబ్దంలో కోటల నిర్మాణం కోసం ఈ పద్ధతిని రూపొందించాడు. సైనిక రహస్యంగా కొన్నేళ్లు దాచి, చివరికి ఎకోల్ పాలిటెక్నిక్‌లో అందరికీ బోధించారు. భారతదేశంలో ఫస్ట్ యాంగిల్ పద్ధతి వాడతారు. వస్తువును ఎదుటి నుంచి చూసిన బొమ్మ పైన, పై నుంచి చూసిన బొమ్మ దాని కింద వస్తాయి. ఇప్పుడు కంప్యూటర్ మీద గీయటం కోర్సులో భాగమైంది, అది అవసరమే. అయితే ఘనాన్ని కోణంలో కోస్తే ఏ ఆకారం వస్తుందో మనసులో కనిపించని విద్యార్థికి సాఫ్ట్‌వేర్ ఆ చూపును ఇవ్వలేదు. కాగితం, పెన్సిల్‌తో కొన్ని వారాలైనా గీయించాకే తెర ముందు కూర్చోబెట్టడం మేలు. సైటులో ఇప్పటికీ మేస్త్రీ చేతిలో ఉండేది ప్రింటు తీసిన ప్లానే. బార్ బెండర్ కడ్డీలు వంచేది సెక్షన్ బొమ్మ చూసే. ప్లానులో కనిపించని మెట్ల కింది బీము సెక్షన్‌లో కనిపించాలి. కనిపించకపోతే తల తగిలే ఎత్తులో బీము లేస్తుంది.

కెమిస్ట్రీని సివిల్ విద్యార్థులు తమది కాని సబ్జెక్టుగా చూస్తారు. సిమెంటు సంచి విప్పగానే మొదలయ్యేది మాత్రం కెమిస్ట్రీయే. కాంక్రీటు ఆరి గట్టిపడదు. సిమెంటు నీటితో చర్య జరిపి గట్టిపడుతుంది. అందుకే గట్టిపడుతున్న కాంక్రీటుకు నీళ్లు పడతారు. మామూలు సిమెంటుకైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పొజొలానా సిమెంటుకైతే 10 రోజులు క్యూరింగ్ చేయాలని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. బయటి నుంచి తడి ఎంత మంచిదో, కలిపేటప్పుడు ఎక్కువ నీరు అంత చెడ్డది. నీరు–సిమెంటు నిష్పత్తి 0.5 అనుకుంటే 50 కిలోల బస్తాకు 25 లీటర్లు. ఇసుకలోని తడి కూడా ఇందులోనే లెక్క. కలిపిన మాలు సులువుగా జారాలని పనివాళ్లు మరో అర బకెట్టు పోస్తే, చర్యలో పాల్గొనని ఆ నీరు తరవాత ఆవిరైపోయి సన్నటి రంధ్రాలను మిగుల్చుతుంది. బలం అక్కడే పోతుంది. 150 మి.మీ. ఘనాలు పోసి 28 రోజులకు యంత్రం కింద నొక్కి చూసేది ఈ బలాన్నే. ఎం20 కాంక్రీటంటే ఆ ఘనం చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు తట్టుకోవాలి.

సిమెంటుకు ముందు హైదరాబాద్ కట్టింది సున్నంతో. గానుగలో ఇసుకతో కలిపి నూరిన డంగు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతూ గట్టిపడుతుంది. సున్నపు గారకు బలమిచ్చే ఆ చర్యే ఉక్కు కడ్డీలున్న కాంక్రీటుకు, అంటే ఆర్‌సీసీకి, శత్రువు. కాంక్రీటు లోపలి క్షార స్వభావం, 12 దాటిన పీహెచ్, ఉక్కు కడ్డీ మీద తుప్పు పట్టనివ్వని సన్నని పొరను నిలబెడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి ఇంకుతూ ఆ క్షారతను తగ్గిస్తే పొర పోతుంది, తుప్పు మొదలవుతుంది. తుప్పు ఉక్కు కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. పాత అపార్టుమెంట్ల బాల్కనీ కింద పెచ్చులూడి కడ్డీలు బయటపడటం చాలాసార్లు ఇదే. కడ్డీకీ బయటి తలానికీ మధ్య స్లాబులో 20, స్తంభంలో 40, పునాదిలో 50 మి.మీ. కవర్ ఉంచమనటానికి కారణం ఈ ప్రయాణాన్ని ఆలస్యం చేయటమే. చిన్న కవర్ బ్లాకు పెట్టకపోవటం వల్ల ఇంటి ఆయుష్షు ఏళ్లకేళ్లు తగ్గుతుంది.

ఉక్కు, కాంక్రీటు కలిసి బతకటానికి మరో అదృష్టం తోడైంది. వేడికి రెండూ దాదాపు ఒకే మేరకు సాగుతాయి. అలా కాకపోయుంటే ప్రతి ఎండాకాలం కడ్డీ, కాంక్రీటు విడిపోయేవి. ఆ సాగుడు చిన్నదే కానీ వదిలేసేంత చిన్నది కాదు. 30 మీటర్ల పొడవున్న కాంక్రీటు 30 డిగ్రీల తేడాకు సుమారు 9 మి.మీ. పెరుగుతుంది. ఫ్లైఓవర్ మీద వెళ్లే బండి చక్రాలకు ఉండుండి తగిలే కుదుపు ఆ కొలతకు విడిచిన సందులదే. అప్లైడ్ ఫిజిక్స్‌లోని వ్యాకోచ గుణకం అక్కడ చేతికి అందుతుంది.

నిర్మాణ సామగ్రి కోర్సులో రాయి, ఇటుక, ఇసుక, కలప, ఉక్కు గురించి చదువుతారు. ఈ పాఠం తరగతి గదిలో కన్నా బయట బాగా ఎక్కుతుంది. మంచి ఇటుకలు రెండు తట్టితే కంగుమంటాయి. 24 గంటలు నీళ్లలో నానబెట్టిన మామూలు ఇటుక తన బరువులో 20 శాతం మించి నీరు పీల్చకూడదు. నది ఇసుక దొరక్క ఇప్పుడు సైట్లలో ఎక్కువగా వాడేది రాయిని పిండి కొట్టిన రోబో శాండ్. దానిలో దుమ్ము ఎంతుందో జల్లెడ పట్టి చూడటం ల్యాబులో నేర్పే పని. హైదరాబాద్ నేల విషయంలో ప్రకృతి దయ చూపింది. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్, దాని మీద అది శిథిలమై ఏర్పడిన మొరం చాలాచోట్ల తక్కువ లోతులోనే తగులుతాయి. అలాగని ప్రతి ప్లాటులోనూ ఒకే లోతున రాయి ఉంటుందనుకోకూడదు. పూడ్చిన కుంటల మీదా నాలాల గట్ల మీదా లేచిన కాలనీల్లో అడుగున ఏముందో బోరు వేసి చూడందే చెప్పలేం. జియాలజీ కోర్సు అక్కడ ఉపయోగపడుతుంది.

బరువుల అంచనా కూడా తొలి ఏళ్లలోనే రావాలి. ఆర్‌సీసీ ఘనపు మీటరుకు 25 కిలోన్యూటన్లు తూగుతుంది. 125 మి.మీ. మందం స్లాబు చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల పైమాటే, అంటే సుమారు 320 కిలోలు. పదడుగుల చదరపు గది మీది స్లాబు దాదాపు 3 టన్నులు. నివాస గృహాల్లో మనుషులకూ సామాన్లకూ లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు. ఇల్లు మోసే బరువులో ఇంటి సొంత బరువే ఎక్కువని తెలిశాక, పాత డాబా మీద ఉద్యానవనం పేరుతో అడుగు మందాన మట్టి పోయించే ముందు ఎవరైనా ఆగి ఆలోచిస్తారు.

సర్వేయింగ్ డిగ్రీలో రెండో ఏడాది పాఠం. బేగంపేట పాత విమానాశ్రయం దీనికి తయారుగా ఉన్న ఉదాహరణ. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయినా సుమారు 3.2 కిలోమీటర్ల రన్‌వే అలాగే ఉంది. దాని రెండు కొసలకూ 09, 27 అని అంకెలు. అయస్కాంత ఉత్తరం నుంచి గడియారం ముల్లు దిశలో కొలిచిన కోణాన్ని పదితో భాగిస్తే ఆ అంకెలు వస్తాయి. 09 అంటే 90 డిగ్రీలు, తూర్పు ముఖం. 27 అంటే 270 డిగ్రీలు, పడమర ముఖం. ఒకే గీతకు రెండు కొసల బేరింగుల మధ్య తేడా ఎప్పుడూ 180 ఉంటుందని కంపాస్ సర్వేలో చెప్పే నియమం అక్కడ తెల్ల రంగుతో రాసి ఉంది.

ఇక ఎత్తుల కొలత. విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 531 మీటర్ల ఎత్తున ఉంది. హుస్సేన్ సాగర్ నిండు నీటి మట్టం 513.41 మీటర్లు. కొద్ది కిలోమీటర్ల దూరంలో దాదాపు 18 మీటర్ల పల్లం. నీరు పల్లమెరుగు కాబట్టి ఈ ప్రాంతపు వాన కూకట్‌పల్లి నాలా గుండా సాగర్‌కే చేరాలి. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 గంటల్లో 24 సెంటీమీటర్లకు పైగా వాన నమోదైంది. ఆ అంకె మామూలు పాఠకులకు పెద్దగా ఏమీ చెప్పదు. ఒక చదరపు కిలోమీటరు మీద 24 సెంటీమీటర్ల వాన అంటే 2,40,000 ఘనపు మీటర్లు, 24 కోట్ల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లు 24,000 అవుతాయి. దీనికి కావలసింది యూనిట్లు మార్చటం మాత్రమే, మొదటి వారం పాఠం. అందులో ఎంత నాలాలోకి పరుగెత్తుతుందన్నది నేల స్వభావాన్ని బట్టి ఉంటుంది. పచ్చిక నేల మీద పడినదాంట్లో నాలుగో వంతు పారితే, కాంక్రీటు, తారు మీద పది వంతుల్లో తొమ్మిది వంతుల దాకా పారుతుంది. వాన పెరగకపోయినా ఊరు కాంక్రీటైతే వరద పెరుగుతుంది. అదే సమయంలో నాలా వెడల్పు తగ్గితే ఏమవుతుందో బేగంపేట, రసూల్‌పుర, ప్రకాశ్‌నగర్ వాసులకు అనుభవమే.

నిలిచిన నీటిలో పెరిగే దోమలకూ రోగానికీ ఉన్న లంకె బయటపడింది కూడా ఇక్కడే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ బేగంపేటలోని ప్రయోగశాలలో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మురుగు కాలువ వాలు సరిగా లేక నీరు నిలవటం ఆరోగ్యశాఖ సమస్య కన్నా ముందు ఇంజనీరు సమస్య. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌ను బీటెక్‌లో అందరూ తప్పనిసరిగా చదవాలి గానీ దానికి క్రెడిట్లు లేవు. క్రెడిట్లు లేని సబ్జెక్టును పిల్లలు పట్టించుకోరని తెలిసీ సివిల్ విద్యార్థులకు కూడా దాన్ని అలా వదిలేయటం తప్పు.

మిగిలిన కోర్సుల గురించి కొద్దిగా చెబితే చాలు. ప్రోగ్రామింగ్ వల్ల సివిల్ విద్యార్థికి దక్కవలసింది లెక్కను అంచెలుగా విడగొట్టే అలవాటు. వర్క్‌షాప్‌లో చెక్క ముక్కలకు ఒక అతుకు వేసి, ఇనుప ముక్కను ఆకురాయితో రాసి చదును చేసినవారికి ఒక మిల్లీమీటరు ఎంతో చేతికి తెలుస్తుంది. ఇంగ్లిష్ అవసరం రిపోర్టులు, టెండరు కాగితాలు రాసేటప్పుడు బయటపడుతుంది. కొత్తగా చేరినవారికి మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం కూడా ఉంది. ఆ రోజుల్లో ఉపన్యాసాలు తగ్గించి విద్యార్థులను ఒక సైటుకు తీసుకెళ్తే మరింత ఫలితం ఉంటుంది.

భవనాల మీద ఆసక్తి ఉన్నవారికి బీటెక్ ఒక్కటే దారి కాదు. బీఆర్క్ ఐదేళ్ల చదువు. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇది ఉంది. అక్కడి మొదటి ఏడాదికి వెన్నెముక బేసిక్ డిజైన్ స్టూడియో. ఆకారం, నిష్పత్తి, వెలుతురు, మనిషి కొలతలు చేతులతో నమూనాలు చేస్తూ నేర్చుకుంటారు. వాటితో పాటు సామగ్రి, నిర్మాణ పద్ధతులు, స్ట్రక్చర్స్, వాస్తు చరిత్ర ఉంటాయి. సివిల్ విద్యార్థికి చరిత్ర పాఠం లేదు, ఆర్కిటెక్చర్ విద్యార్థికి గణితం తక్కువ. ఉద్యోగంలో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి కాబట్టి మొదటి ఏడాదిలో కనీసం ఒక్క కోర్సు కలిపి చదివించటం మంచి ప్రయత్నమవుతుంది.

చదువు ఏ భాషలో అన్న ప్రశ్న ఈ నగరానికి కొత్త కాదు. ఉస్మానియాలో 1948 వరకు ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. అందుకోసం అనువాద విభాగం పెట్టి పుస్తకాలు రాయించారు. 2021లో సాంకేతిక విద్య నియంత్రణ సంస్థ ఏఐసీటీఈ తెలుగు సహా భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతి ఇచ్చింది, మొదటి ఏడాది పుస్తకాలను ఆ భాషల్లోకి తెప్పించింది. పై తరగతుల పుస్తకాలు, ఉద్యోగాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి కాబట్టి పూర్తిగా తెలుగు కోర్సులో చేరటానికి కుటుంబాలు జంకటం అర్థం చేసుకోదగిందే. మెకానిక్స్ లాంటి ఫౌండేషన్ సబ్జెక్టును తెలుగులో ఒకసారి విని, పరీక్ష ఇంగ్లిష్‌లో రాసే పద్ధతికి మాత్రం ఏ అడ్డంకీ లేదు. మంచి అధ్యాపకులు చాలాచోట్ల చేస్తున్నది అదే.

చివరగా డిప్లొమా విద్యార్థులు. పదో తరగతి తరవాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరినవారు సర్వే, డ్రాయింగ్, ఎస్టిమేషన్ చేతులతో చేసి వస్తారు. ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా వీరు బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరతారు. అంటే మొదటి ఏడాది మొత్తం వీరికి ఉండదు. లెవెల్ యంత్రం బిగించటంలో వీరు తోటివారికి నేర్పగలరు. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో బీము వంపు సమీకరణాన్ని రెండుసార్లు సమాకలనం చేయవలసి వచ్చినప్పుడు, మాత్రికలతో ఫ్రేములు సాధించవలసి వచ్చినప్పుడు వెనకబడతారు. ఈ లోటు తీరటానికి మూడో సెమిస్టర్ మొదటి నెలలో కలనం, మాత్రికలకు రోజుకో గంట అదనపు తరగతి పెడితే చాలావరకు సరిపోతుంది. అది పెట్టవలసింది ఆ సెమిస్టర్ మధ్య పరీక్షలకు ముందే.